అంగడి నాటి జ్వరం

నా పేరు కోమల. ఊళ్లో ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇద్దరే, మా అమ్మ, మా ఆయన బెంజమిన్. మిగతా అందరికీ నేను ఆశక్కను. తొమ్మిదేళ్లుగా ఆశ కార్యకర్తగా పని చేస్తున్నాను. కట్టంగూర్ దాటి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. అక్కడ ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా ముందు నాకే కబురొస్తుంది.

ఆ ఏడు వానలు దసరా దాకా వదల్లేదు. ఏ ఇంట్లో చూసినా జ్వరమే. ఆరోగ్య కేంద్రంలో మమ్మల్ని కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చి, చేతికొక కాగితం ఇచ్చారు. అందులో మూడు గళ్లు. డెంగీ అయితే తీవ్రమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు నొప్పులు, ఎర్రటి చుక్కలు. చికెన్‌గున్యా అయితే జ్వరంతో పాటు కీళ్లు వాచి పట్టేయడం. జికా అయితే కొద్దిపాటి జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, దద్దుర్లు. మూడింటినీ మోసేది పగటి పూట కుట్టే ఒకే దోమ. కాగితం మీద చూస్తే ఎవరి వాడలో వాళ్లున్నట్టు మూడు జ్వరాలూ బుద్ధిగా వేరువేరుగా కనిపిస్తాయి. మనిషి ఒంట్లోకి వచ్చాక వాటికి ఏ హద్దూ ఉండదు.

చికెన్‌గున్యాను నేను మా ఇంట్లోనే చూశాను. వినాయకుడి నిమజ్జనం అయిన వారానికి బెంజమిన్ మంచమెక్కాడు. మణికట్లూ చీలమండలూ వాచి, చాయ్ గ్లాసు ఎత్తడానికి రెండు చేతులు కావలసి వచ్చేవి. పెళ్లైన పన్నెండేళ్లలో ఆయన నాతో అంత ఎక్కువగా మాట్లాడింది ఆ పది రోజుల్లోనే, అవన్నీ మూలుగులే. దాంతో ఆ జ్వరం నాకు కొట్టిన పిండి అనుకున్నాను. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ఒక మంగళవారం పొద్దున లింగస్వామి మా వాకిట్లోకి వచ్చాడు. నార్కట్‌పల్లికి ఆటో నడుపుతాడు. వాళ్లమ్మ గుర్వమ్మ, నాయన గుర్వయ్య పుట్టినప్పటి నుంచీ గొర్రెల మీద బతికిన మనుషులు.

"ఆశక్కా, మా అమ్మకు ఒళ్లు పెనమోలె కాల్తాంది. నల్లగొండకు తోల్కపోదునా?"

"ముందు నన్ను జర చూడనియ్యి తమ్మీ. ఊకె ఉరికితె ఎట్ల?" అన్నాను.

గుర్వమ్మ గొంగడి కప్పుకుని మంచంలో ముడుచుకు పడుకుంది. జ్వరం నూట మూడు ఉంది. మలేరియా పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఇక కాగితం తీశాను.

"పెద్దమ్మా, కండ్ల ఎన్క నొస్తాందా?"

"కండ్ల ఎన్క ఏముంటది బిడ్డా? తలకాయే గదా. తలకాయంత నొస్తాంది."

"కీళ్లు గుంజుతున్నయా?"

"లింగడు పుట్టినకాన్నుంచి గుంజుతనే ఉన్నయి. జీవాలెంబడి తిరిగినోళ్లకు మోకాళ్లు మంచిగుంటయా?"

"ఒంటి మీద దద్దులు లేసినయా?"

"గొంగడి కప్పుకుంటె దద్దులు లెవ్వకుంట పూలు పూస్తయా?"

నాకు చిరాకేసింది. ఏది అడిగినా ఔననే అంటుంది, ఏ జవాబూ ఏ గడిలోనూ ఇమడదు. ఆమె మణికట్టు పట్టుకుని నొక్కితే "అబ్బా" అంది. బెంజమిన్ కూడా అచ్చం అలాగే అనేవాడు. వాపు లేదు, అయినా రేపో ఎల్లుండో వస్తుందిలే అనుకున్నాను. గున్యానే అని మనసులో ఖాయం చేసేసుకున్నాను.

"ఎన్నటి సంది జరం?"

"అంగడి నాటి సంది."

మా ఊరి అంగడి సోమవారం. నిన్ననే అయింది. అంటే ఇవాళ రెండో రోజు. రిజిస్టరులో అలాగే రాశాను.

జ్వరం బిళ్లలిచ్చి, ఏ జ్వరమో తేలేదాకా ఎవరి దగ్గరా నొప్పుల సూది వేయించొద్దని గట్టిగా చెప్పాను. డెంగీ అయి ఉంటే ఆ సూదితో నెత్తురు కారే ప్రమాదం ఉందని శిక్షణలో మరీ మరీ చెప్పారు. ఆ ఒక్కటి మాత్రం నేను సరిగ్గానే చేశాను.

"ఎల్లుండి ల్యాబాయన ఊర్లెకే వస్తడు, నెత్తురు తీస్కుంటడు. అందాంక నీళ్లు మంచిగ తాగిపియ్యి. ఫికర్ జెయ్యకు," అని లింగస్వామికి చెప్పి వచ్చేశాను.

బుధవారం పొద్దున వెళ్లేసరికి జ్వరం లేదు. లింగస్వామి భార్య ఉమారాణి నవ్వు మొహంతో జావ కలుపుతోంది. గుర్వమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"సల్లవడ్డది బిడ్డా. నీ చెయ్యి మంచిది," అంది.

నాకు సంతోషమేసింది. ఇంకా ఏదో చెబుతోంది, కడుపులో బరువుగా ఉందని, తెల్లవారుజామున రెండుసార్లు కక్కుకున్నానని. పళ్లు తోముకుంటే వేపపుల్లకు నెత్తురంటిందట. పుల్ల గట్టిదై ఉంటుంది అన్నాను. ఆమె చేతులు కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. జ్వరం దిగింది కాబట్టి చల్లగా ఉండవా అనుకున్నాను.

లింగస్వామి ఆటో వాకిట్లో పెట్టుకుని నిలబడ్డాడు. "ఎందుకైనా మంచిది, ఒకపారి పెద్ద దవాఖానల చూపిచ్చుకొస్త అక్కా."

"జరం దిగినంక దవాఖాన ఎందుకు తమ్మీ? ఆడున్న రోగాలన్ని అంటిచ్చుకొస్తవా? రేపు ల్యాబాయన వస్తనే ఉన్నడు గద."

కాగితం అడుగున ఇంకో మాట ఉంది. డెంగీలో నాలుగైదు రోజులకు జ్వరం తగ్గేటప్పుడే ప్రమాదం మొదలవుతుందని, కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు ఉంటే ఆగొద్దని. నేను చదవక కాదు. కానీ ఇది మూడో రోజే కదా? మూడో రోజుకే చల్లబడిందంటే మామూలు జ్వరమేమో, లేక గున్యానే తొందరగా దిగిందేమో. ఏ రకంగా చూసినా డెంగీకి లెక్క కుదరలేదు. లెక్క కుదరనప్పుడు మనిషిని చూడాలి. నేను లెక్కనే పట్టుకుని కూర్చున్నాను.

లింగస్వామి నా మాట మీద గౌరవంతో ఖాళీ ఆటో తిప్పుకుని సవారీలకు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చానన్న మాటే గానీ మనసు కుదుటపడలేదు. అన్నం ముందు పెట్టుకుని కూడా ఆ చల్లటి చేతులే గుర్తొచ్చాయి. మధ్యాహ్నం మళ్లీ బయలుదేరితే దారిలో గుర్వయ్య గొర్రెలను రోడ్డు దాటిస్తూ ఎదురయ్యాడు.

"పెద్దమ్మకు సల్లవడ్డది, చూసినవా బాపు?" అన్నాను.

"సల్లవడ్డది గని మనిషి సోయిల లేనట్టే ఉన్నది బిడ్డా. నాలుగు మాట్లు పిలిస్తె ఒక మాటు పలుకుతాంది. నాకేం సమజైతలేదు. ఐదు దినాలాయె మంచం వట్టి."

"ఐదు దినాలేంది బాపు? సోమారమే గదా, అంగడి నాడు."

"సోమారం ఎవలు జెప్పిన్రు? శనారం. ఇద్దరం రెండు పొట్టేళ్లను అంగడికి తోల్కపోయినం. ఆడ్నే వణుకు వట్టింది దానికి. గొంగడి గప్పి ట్రాలీల ఏస్కొచ్చిన."

"అంగడంటె మన ఊరి అంగడి అనుకున్న."

గుర్వయ్య నన్ను జాలిగా చూశాడు. "గది అంగడా బిడ్డా? నాలుగు తట్టల కూరగాయలు పెడితె అంగడైతదా? జీవాలు లేంది అంగడెట్లయితది?"

గొర్రెలు నా చుట్టూ నడిచిపోతున్నాయి. నేను రోడ్డు మధ్య నిలబడి చిన్నపిల్లలా వేళ్లు మడుస్తున్నాను. శని, ఆది, సోమ, మంగళ, బుధ. ఇవాళ ఐదో రోజు. జ్వరం చల్లబడింది నా బిళ్లలతో కాదు. పొద్దున ఆమె చెప్పిన కడుపు బరువు, వాంతులు, నెత్తురు అన్నీ ఒక్కసారిగా వాటి గడిలోకి వెళ్లి కూర్చున్నాయి.

పరుగెత్తాను. గుర్వమ్మ కళ్లు తెరవలేకపోతోంది, చల్లటి చెమట పట్టింది. చీర పైకి జరిపి పిక్కలు చూస్తే సన్నటి ఎర్ర చుక్కలు, నొక్కినా చెరగడం లేదు. నిన్న గొంగడి దద్దులని నేను కొట్టిపారేసినవి ఇవేనా, ఇవాళ కొత్తగా వచ్చినవా, ఇప్పటికీ నాకు తెలియదు.

ఫోన్ చేస్తే లింగస్వామి సవారీలను దారిలోనే దింపేసి వచ్చాడు. వాళ్లమ్మను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. నేను తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నల్లగొండ వెళ్లేదాకా నా బుర్రలో ఒకటే గందరగోళం. డెంగీ అయితే మణికట్టు ఎందుకు నొచ్చింది? గున్యా అయితే ఈ చుక్కలేమిటి? నాకు భయమేసింది. ఈమె పోతే ఊళ్లో నేను మొహమెలా చూపించాలి అని ముందు అనిపించింది, ఆ తరవాతే ఆమె గురించి ఆలోచన వచ్చింది. ఆ వరస గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. నాడి పట్టుకోగానే ఆమె మొహం మారింది. సెలైన్ పెట్టించి మా వైపు తిరిగింది.

"జ్వరం ఎన్నో రోజు?"

"ఐదో రోజు మేడం. ఇయ్యాల పొద్దున దిగింది," అన్నాను.

"పొద్దున తగ్గినప్పుడే తేవాలి కదా. ఆగమని ఎవరు చెప్పారు?"

లింగస్వామి నా వైపు చూశాడు. మంచం మీద నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"నేనే రానంటి అమ్మా. నాకు సూదులంటె భయం."

గుర్వమ్మ కళ్లు మూసుకునే ఉంది. నేను నోరు కదపకుంటే ఆ మాటతో సరిపోయేది.

"కాదు మేడం," అన్నాను. "ఆటో వాకిట్లకొచ్చింది. నేనే ఆపిన."

డాక్టరమ్మ నా ఆశ చీరను పైనుంచి కింది దాకా చూసింది. "ఇంకో పూట ఆగి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

పరీక్షలో డెంగీ అని తేలింది. మర్నాడు ఇంకో కాగితం వచ్చింది, చికెన్‌గున్యా కూడా ఉందని. ఒకే మనిషిలో రెండూ ఎలా ఉంటాయి మేడం అని అడిగితే, అప్పుడప్పుడు ఉంటాయమ్మా అంది. తప్పు నాదా, నాకిచ్చిన కాగితానిదా అని ఎంత ఆలోచించినా తెగలేదు. రోజులు లెక్కపెట్టడంలో తప్పింది మాత్రం నేనే.

మూడో రోజుకు గుర్వమ్మ నాలుగు బుక్కలు తింది. తిన్నాక నన్ను తిట్టింది. "నేను ఎన్కేసుకొస్తాంటె నువ్వెందుకు చెప్పుకున్నవ్ బిడ్డా? నీ నౌకరి పోతె మాకెవలొస్తరు?"

నాకు ఏడుపొచ్చింది. లింగస్వామి మాత్రం ఆ మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. చాయ్ తెచ్చి పక్కన పెట్టి వెళ్లేవాడు, అంతే.

నాలుగో రోజు పొద్దున ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఉమారాణికి తెల్లారినకాన్నుంచి ఒళ్లు కాల్తాందంట. మణికట్లు గుంజుతున్నయంట. ఏం జరమంటవ్ అక్కా?"

నా నోట్లోకి జవాబు వచ్చేసింది. మణికట్లు అన్నాడు కదా. తొమ్మిదేళ్లుగా ఎవరేం అడిగినా ఏదో ఒక పేరు చెప్పి ధైర్యమిచ్చే పంపాను. లింగస్వామి ఇంకా నన్నే నమ్మి నా మొహంలోకి చూస్తున్నాడు.

"నాకు తెల్వదు తమ్మీ," అన్నాను. "పోయి ఈడికి తోల్కరా. అమ్మ కాడ నేనుంట."

అతను తలూపి మెట్లు దిగాడు.