నమస్కారం పెట్టే ఓడ

ఆ రోజు జూలై పద్నాలుగు. పొద్దున రొట్టె మాడితే, మాడిన ముక్క తాను తీసుకుని మంచిది ఇంజనీరు పళ్లెంలో వేశాడు బావమరిది. భార్య పోయినప్పటి నుంచి ఇంట్లో తోడు ఆమె తమ్ముడే. ఆఫీసులోనూ పక్క కుర్చీ అతనిదే. అలాంటివాణ్ని ఇంజనీరు అనుమానిస్తున్నాడు.

వాళ్లు చేసేది ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. ఎదుటివాడి రాడార్ పంపిన తరంగాన్ని పట్టి, అంకెలుగా మార్చి, ముక్కముక్కకీ కాస్త ఆలస్యం కలిపి తిప్పి పంపుతుంది. చిన్న పడవ ఉన్నచోట రాడార్ తెరమీద పెద్ద ఓడ బొమ్మ పడాలి. కానీ నిజం ఓడల మధ్య కలిపి ఎన్నిసార్లు చూపించినా, పక్క గదిలోని రాడార్ జట్టు దొంగ ఓడను ఇట్టే పట్టేస్తోంది.

"ఎవరో ముందే చెబుతున్నారు. ఇవాళ తేలకపోతే మీ బావమరిదిని పంపించేస్తాను," అన్నాడు డైరెక్టరు. బావమరిది రోజూ టీ తాగేది ఆ జట్టుతోనే మరి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంజనీరు పట్టాలనుకున్నాడు. "ఇవాళ నూనె ఓడ పంపుతున్నా. ఎవరితోనూ అనకు," అని బావమరిది చెవిన వేశాడు. పంపింది మాత్రం సరుకుల ఓడ.

రాడార్ జట్టు పెద్దావిడ తెర చూసి నవ్వింది. "మూడోది దొంగది. సరుకుల ఓడ."

"నూనె ఓడ కాదా?"

"ఎవరన్నారండీ? అయినా మీ ఓడలు మహా మర్యాదస్థులు. రాగానే ఎడమకి వంగి నమస్కారం పెడతాయి. సముద్రం మీద ఓడకి అంత సంస్కారం ఎక్కడిది?"

ఇంజనీరు ముఖం పాలిపోయింది. బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ దొంగ ఓడ అలల మీద ఊగే ఊగుడు మొదటి నుంచే మొదలయ్యేలా పెట్టింది తనే, ఒక పరీక్షను ఇంకోదానితో పోల్చుకోవడానికి వీలుగా ఉంటుందని. నిజం ఓడ కంటపడేసరికి అల మీద ఎటు ఒరిగి ఉంటుందో ఎవరికి తెలుసు?

వెనక నిలబడ్డ బావమరిది మెల్లగా అన్నాడు. "నాతో నూనె ఓడన్నావు కదా బావా? అయితే దొంగ బొమ్మ నాకూ వేశావన్నమాట."

"తప్పయిందిరా."

"అక్క ఉంటే నీ చెవి మెలేసేది. జరుగు. ఊగుడు ప్రతిసారీ వేరేచోట మొదలయ్యేలా మారుద్దాం."

సాయంత్రం పరీక్షలో పెద్దావిడ నిజం ఓడను పట్టుకుని దొంగదంది. డైరెక్టరు బావమరిదికి తల ఊపి వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే బావమరిది నేరుగా తన గదిలోకి వెళ్లాడు. పెట్టె సర్దుకుంటున్నాడేమోనని ఇంజనీరు చెవి ఒగ్గాడు. చప్పుడు లేదు. ఉండబట్టలేక తొంగిచూశాడు. చొక్కా అయినా విప్పకుండా, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడతను.

లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు ఇంజనీరు.