రాజ్యంలో మూడోవంతు

సుందర్ రాజ్‌కి చరిత్ర పిచ్చి. బాపట్లలో పుట్టి, అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ, ఆ పిచ్చిని ఫ్రాన్సు మీదికి మళ్ళించాడు. అక్కడి కాథలిక్ రాజు ప్రొటెస్టెంట్ల గుళ్ళు కూలగొట్టించి, మతం మారేదాకా కదలొద్దని వాళ్ళ ఇళ్ళలో సిపాయిల్ని దించి, పంధొమ్మిది వందల ఎనభై అయిదు అక్టోబరుకి మూడువందల ఏళ్ళు. దాని గురించి, ప్రొటెస్టెంట్లలోనే ఒక శాఖ అయిన తమ తెలుగు బాప్టిస్టు సంఘంలో మాట్లాడమని పాస్టరుగారు అడిగితే, ఈయన ఏకంగా చరిత్రనే తిరగరాసుకొచ్చాడు. పదిమందిలో ఒకరు కూడా లేని ఆ ప్రొటెస్టెంట్లు రాజ్యంలో మూడోవంతు ఉండి ఉంటే? రాజు నోరు మూసుకునేవాడు. ఎవరూ ఊరు వదిలేవారు కాదు, ఎవరి ప్రార్థనా ఎవరూ మార్పించేవారు కాదు. రాసుకున్నది భార్యకి చదివి వినిపిస్తూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

దెబోరా గిన్నెలు కడుగుతూ అంతా విని, "మరి శౌరమ్మ సంగతేంటండీ?" అంది.

శౌరమ్మ ఫిరంగిపురం నుంచి వచ్చిన నర్సు. కాథలిక్కుల మనిషి, మనవాళ్ళ మాటలో ఆర్.సి.ఎం. ఇంగ్లీషు పూజలో మనసు నిలవక, తెలుగులో నాలుగు పాటలు పాడుకుందామని ఈ సంఘానికి రావడం మొదలుపెట్టింది. సంతోషంగా రమ్మన్నారు, కూడిక అయ్యాక పులిహోర పెట్టారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేసరికి మాత్రం వెలి. పసితనంలో నెత్తిన పోసిన నీళ్ళు లెక్కలోకి రావట, నిలువునా ముంచితేనే బాప్తిస్మమట. సంఘపెద్దగా రొట్టె పళ్ళెం పట్టుకునేది సుందర్ రాజే. ఈస్టరునాడు ఆమె చాచిన చేతుల మీదుగా పళ్ళేన్ని పక్కావిడకి అందించాడు. తర్వాత ఎంతో మర్యాదగా, జపమాల మానేసి నీళ్ళలో మునుగమ్మా, అప్పుడు నువ్వూ మాలో మనిషివే అని నచ్చజెప్పాడు. నెలల తరబడి చెప్పాడు. తెలుగు మాట వినడానికి ఇంకో దిక్కు లేని మనిషి, చివరికి సరే అంది. ప్రసంగం తర్వాతి ఆదివారానికి బాప్తిస్మం ఖాయమైంది.

ఆవిణ్ణి ఎవరూ బలవంతం చెయ్యలేదే అని భార్య మీద కసిరాడు. తన దాకా వస్తే గానీ తెలీదంటారు. తన దాకా వచ్చినా ఒప్పుకోలేదు మహానుభావుడు. ఆ రాజు మనుషులు కూడా అదే మాట చెప్పుకున్నారని చదివింది ఆయనే మరి. కసిరాడే గానీ ఆ సంగతి ఆయనకీ గుర్తొచ్చింది.

ప్రసంగం బాగా పండింది. అందరూ మెచ్చుకున్నాక శౌరమ్మ కొంగు తలమీదికి లాక్కుంటూ లేచింది. ఎత్తిపొడుపు లేదు, ఆవిడకి నిజంగానే నచ్చింది.

"అన్నయ్యా, మూడోవంతంటే కొన్ని ఊళ్ళల్లో వీళ్ళే ఎక్కువమంది ఉంటారు గదా. ఆ ఊళ్ళల్లో మా ఆర్.సి.ఎం. వాళ్ళు ఎట్టా బతికారు?"

అది ఆయన రాసుకోలేదు. నువ్వు మునగక్కర్లేదమ్మా, తప్పు నాది అనడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ముందు వరసలో పాస్టరుగారున్నారు, పైగా పెద్దరికం ఒకటి ఏడిచింది కదా.

"సుఖంగానే ఉన్నారమ్మా," అన్నాడు.

ఆమె తృప్తిగా కూర్చుంది. ఆ వారమంతా ఆమెకి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తడం, పెట్టెయ్యడం. సిగ్గుతో కుంగిపోయాడు.

ఆదివారం నడుంలోతు నీళ్ళలో పాస్టరుగారు ఒక పక్క, సుందర్ రాజ్ ఒక పక్క పట్టుకుని శౌరమ్మని ముంచారు. పైకి లేచి ఊపిరి తీసుకోగానే, పుట్టినప్పటి అలవాటున, ఈ సంఘంలో ఎవరూ వెయ్యని సిలువ గుర్తు వేసుకోడానికి ఆమె కుడిచెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. భయంగా సుందర్ రాజ్ వైపు చూసి, చెయ్యి కిందికి దించేసుకుంది.

"అలవాటు అన్నయ్యా, క్షమించండి," అంది.

"పర్లేదమ్మా," అన్నాడు.

అంటే, ఆయనే క్షమించేశాడన్నమాట.