వట్టివేళ్ల చెమ్మ

వైశాఖమాసపు మధ్యాహ్నమున కళింగతీరమునందలి యిసుక నిప్పులు చెరగుచుండ కాకులు సైతము నోళ్లు తెఱచికొని సరుగుడుచెట్ల నీడల నొదిగియుండెను. అట్టివేళ నా తీరపట్టణపు కళాశాలలోని భౌతికశాస్త్ర ప్రయోగశాల మాత్రము కిటికీలకు గట్టిన వట్టివేళ్ల తడకలపై నెడతెగక నీళ్లు చల్లుటచే చల్లగా పరిమళించుచు పండితులకు సుఖనిద్ర ప్రసాదించుచుండెను.

నిద్ర యెఱుగనిది హైమవతి యొక్కతె. చెవికందని సూక్ష్మధ్వనిని స్ఫటికముచే బుట్టించి గాజుగొట్టమునందలి బొగ్గుపులుసు వాయువులోనికి బంపి యా వాయువు దానినెంత మ్రింగునో కొలుచుట యామె పరిశోధన. గురువగు సోమయాజులుగారు పూర్వము ప్రకటించిన విలువను స్థిరపఱచిననే యామెకు డాక్టరు పట్టము. కాని యామె కొలత నేడొకలాగున రేపొకలాగున వచ్చుచు కుక్కతోకవలె వంకర వీడదయ్యెను.

ఒకనాడు కుళాయి నీరు రాక తడకలెండిపోయెను. ఆనాడే వాయువు మ్రింగిన ధ్వని సగమునకు దిగెను. గొట్టమును విప్పి నింపునప్పుడెల్ల గదిలోని చెమ్మ లోనికి జొచ్చి యా వాయువు స్వభావమునే మార్చుచున్నదని యామెకు దోచెను. వెంటనే భయమును గలిగెను. ఆ తడకలు గట్టించినవారు గురువుగారే. వారి కొలతయు నా తడకల చాటుననే పుట్టినది.

అయినను వెనుదీయక గురువుగారి కడకేగెను.

"మాష్టారూ, తడకలు తీయించెయ్యాలండీ. మనం కొలిచింది వాయువుని కాదు, చెమ్మని."

"మనం అంటే నేను కూడానా అమ్మా?"

"అవునండీ."

ఆయన మొగము జేవురించెను. "అయితే నిరూపించు. చేతకాకపోతే నా విలువే రాసుకో."

తడకలు దిగెను. పండితులు విసనకఱ్ఱలతో సణుగుచు వరండాలకు బాఱిరి. హైమవతి వాయువును చెమ్మ పీల్చు లవణముగుండ నడిపి గొట్టమును వేడిచేసి యారబెట్టి కొంగున చెమట దుడుచుకొనుచు గ్రీష్మమంతయు గొలిచెను. ఏనాడు గొలిచినను విలువ యొక్కటియే.

తుదకు సోమయాజులుగారు తడిసిన చొక్కాతో వచ్చి యంత్రముకడ గూర్చుండి స్వహస్తమున గొలిచిరి. వారికిని హైమవతి విలువయే వచ్చెను.

"నీ పరిశోధన వ్యాసం రాయమ్మా. మొదటి వాక్యంలోనే రాయి, సోమయాజులు కొలత తప్పని."

"మీ పేరు నేనెలా రాస్తానండీ? పూర్వపు కొలతలని రాస్తాను."

"ఇంత ఎండకి కరగనిదానివి, ఇప్పుడు మెత్తబడతావా?"

ఆమె దుఃఖము నాపుకొని వ్రాసెను. ఆయన చదివి దానిక్రింద తన చేవ్రాలు చేసి లేచిరి. సత్యము నిలుచుటకు గెలిచినవారి పట్టుదల యొక్కటియే చాలదు. ఓడినవారి చేవ్రాలు గూడ వలయును.