పుస్తకంలో లేని మాట

తొంభై ఎనిమిది నవంబరు పద్నాలుగు, శనివారం. పులియబెట్టిన క్యాబేజీ ఆకుల్లో పందిమాంసం, బియ్యం చుట్టి ఉడికించిన సర్మాలె తిన్నాం ఆ మధ్యాహ్నం, మొక్కజొన్న సంకటితో, పైన పుల్లటి మీగడ వేసుకుని. మర్నాటి నుంచి క్రిస్మస్ ఉపవాసం. మళ్ళీ పండగ దాకా మాంసం, పాలు, గుడ్డు ముట్టం కాబట్టి ఆ రోజు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కుండ అడుగు గీకేదాకా తింటారు. మా ఆయన తెయోఫిల్, ఊరి చర్చికి అయ్యగారు, రెండోసారి వడ్డించుకుని గడ్డానికంటిన మీగడ తుడుచుకుంటూ, "ఉప్పు కాస్త తగ్గింది అగ్లాయా" అన్నారు. తిండి గురించి ఆయన మాట్లాడేది ఆ మాత్రమే. ఉప్పు తగ్గిందనో, ఎక్కువైందనో. అన్నీ సరిగ్గా కుదిరిన రోజున మౌనం. ఆ మౌనమే మెచ్చుకోలని నాకు నేను చెప్పుకోవడం పెళ్ళయిన కొత్తలోనే అలవాటైపోయింది.

గిన్నెలు కడిగి, చేతులు మోచేతుల దాకా రుద్దుకుని, గుడి రొట్టెకి పిండి కలపడం మొదలుపెట్టాను. ఆదివారం బలిపీఠం మీద పెట్టే రొట్టె. గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు, పులిసిన పిండి, అంతే. కలుపుతున్నంతసేపూ లోపల ప్రార్థన నడుస్తూ ఉండాలి, ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదు. చివర్లో పైన చెక్క ముద్ర ఒత్తాలి. ఇది అయ్యగారి భార్య చేయాల్సిన పని. దీనికి జీతం లేదు, మానడానికి వీలూ లేదు. ఒక్క నెలసరి వారం తప్ప. ఆ వారం నేను ఆ పిండి ముట్టకూడదు. గుడి గంట కొట్టే భర్త చనిపోయాక ఒంటరిగా ఉంటున్న ముసలావిడ సఫ్త చేస్తుంది. ఆవిడకి ఆ గొడవ ఎప్పుడో తీరిపోయింది. అయితే ఆవిడ పొయ్యికి ఒక పక్కే వేడెక్కువ, ఆవిడ రొట్టె ఎప్పుడూ ఒక వైపుకి వాలి ఉంటుంది. కాబట్టి పూజ అయ్యాక పంచే ముక్కలు చేతిలో పడగానే నా ఒంటి సంగతి ఊరంతటికీ తెలిసిపోతుంది. "ఈ నెల కూడా వాలిందమ్మా" అని గుడి మెట్ల మీద ఒకావిడ ఇంకొకావిడ చెవిలో అనడం నేనే విన్నాను. ఎనభై ఒకటిలో నేను మా ఆయనకి చెప్పకముందే నా కడుపు సంగతి వాళ్ళకి తెలుసు. మూడు నెలలు రొట్టె నిటారుగా నిలబడింది. ఆ తర్వాత వాలింది. వాలి, చాలా ఆదివారాల పాటు అలాగే ఉండిపోయింది.

ఆ శనివారం రొట్టెలు పొయ్యిలోంచి తీస్తుండగా పరస్కీవ వచ్చింది. వాగు అవతల ఇల్లు. పెద్ద కొట్టం, బోలెడు పశువులు, కలప లారీ తోలే కొడుకు దొరిన్, వాడికి కిందటేడు చేసుకొచ్చిన పెళ్ళాం రుక్సాంద్ర. గుమ్మం బయటే నిలబడి కాళ్ళ బురద విదిలించుకుంటూ అడిగింది.

"అమ్మగారూ, అయ్యగారున్నారా?"

"సాయంత్రం ప్రార్థనకి వెళ్ళారు. ఏంటక్కా?"

"మా కోడలికి కడుపు పోయింది కదా. ఆసుపత్రి నుంచి మొన్ననే తెచ్చాం. రేపు పొద్దున్నే గుడి వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ఆ ప్రార్థనేదో చదివేయమనండి. ఉపవాసాలు మొదలవుతున్నాయి, ఇల్లు మైలగా ఉంటే ఎట్లా? దాన్ని బయట వంటపాకలో ఉంచా. బావి దగ్గరికి రానివ్వట్లా. అది చేద వేసిందంటే నీళ్ళలో పురుగులు పడవూ?"

"పాకలో పొయ్యి వెలిగించారా?"

"వెలిగించుకోడానికి దానికి చేతుల్లేవా?" అని తనే నవ్వింది. "మా ఆవు ఈనింది, మేక ఈనింది, ఆ ముసలి పంది కూడా పదకొండు పెట్టింది. ఈ మహాతల్లికి మాత్రం నాలుగో నెల దాటించడం చేతకాలా."

"దుంపల బస్తాలు మోసింది కదక్కా. నేను చూశాను."

"నేను మొయ్యలేదా? దొరిన్‌ గాడు కడుపులో ఉండగా అడవిలో కట్టెలు కొట్టాను. ఏదో చేసుకునే ఉంటుందమ్మా, లేకపోతే ఊరికే పోతుందా? అది తెలిసే గదా పెద్దలు ఆ ప్రార్థన పెట్టింది!"

ఆ ప్రార్థన నాకు బాగా తెలుసు. ఒక్కసారే విన్నాను, అది చాలింది. తెలిసో తెలియకో హత్యలో పడిన ఈ స్త్రీని క్షమించమని దేవుణ్ణి అడుగుతారు అందులో. ఆమె బాధ తగ్గించమని, ఆరోగ్యం ఇమ్మని కూడా ఉంది, లేదని అనను. కానీ హత్య అన్న మాట విన్న చెవికి తర్వాతి మాటలు వినపడవు. నాకు ఆ ప్రార్థన చదివింది మా ఆయనే. గుడి వాకిట్లో మంచు పేరుకుని ఉంది. ఆయన మెడలో వేలాడే జరీ పట్టీ కొస నా తల మీద కప్పి, పక్కింటి వాళ్ళ పాపకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఎలా చదువుతారో అదే గొంతుతో చదివారు. నా మోకాళ్ళ కింద రాయి చల్లగా తగులుతోంది. నా ఒంట్లోంచి ఇంకా రక్తం పోతూనే ఉంది. ఆ పట్టీ నేనే ఉతికి ఇస్త్రీ చేసింది, దానికి నా సబ్బు వాసన. ఇంటికి వచ్చాక మా అత్తగారు, "గుడి రొట్టె చేసే ఒళ్ళు కదమ్మా, కాస్త జాగ్రత్తగా ఉంచుకోవద్దూ?" అన్నారు. నేను ఏడవబోతే, "ఊరు చూస్తుంది, కళ్ళు తుడుచుకో" అన్నారు. కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత నా కడుపున ఏదీ నిలవలేదు.

"అయ్యగారికి చెప్తాలే అక్కా" అని పరస్కీవని పంపేశాను. వేడి రొట్టెల మీద గుడ్డ కప్పాను. చాలాసేపేమీ ఆలోచించలేదు. శాలువా కప్పుకుని వాగు దాటాను.

వంటపాకలో రుక్సాంద్ర ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఉంది. ఊపిరి వదిలితే పొగ కనిపిస్తోంది. పక్కన అంచు విరిగిన గిన్నె, అడుగున గడ్డకట్టిన సంకటి. ఆ గిన్నె తర్వాత పగలగొట్టేస్తారని ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను చూసి లేవబోయింది.

"లోపలికి రాకండి అమ్మగారూ, మీకంటుతుంది."

"ఏంటి అంటేది? చలా? ముందే అంటింది. లే."

"ఎక్కడికి?"

"మా ఇంటికి."

"నేను ఇంకొకరి గడప తొక్కకూడదంట."

"మా గడపని అడిగి చూద్దాం పద" అన్నాను. ఆ పిల్ల నవ్వలేకపోయింది కానీ లేచింది.

పెరట్లోకి వచ్చేసరికి పరస్కీవ రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. "అయ్యో అయ్యో, అమ్మగారూ! గుడి రొట్టె చేసిన చేతులతో! దాన్ని ఆ ఇంట్లోకి తీసుకెళ్తే ఆ రొట్టె ఇంకెందుకూ పనికిరాదు. రేపు పూజ ఎట్లా?"

"సఫ్తని చెయ్యమను. వాలితే వాలింది."

"మీకేమన్నా మతి పోయిందా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ముందు నువ్వెళ్ళి ఊరికి చెప్పు, వాళ్ళు తర్వాత అనుకుంటారు."

దొరిన్ లారీ పక్కన వంగి టైరు చూస్తున్నాడు. ఆ టైరుకేమీ కాలేదు. పెళ్ళాం పక్కనుంచి నడుస్తుంటే తలెత్తలేదు. మేము గేటు దాకా వెళ్ళాక వెనకనుంచి వచ్చి తన గొర్రెతోలు కోటు విప్పి ఆ పిల్ల భుజాల మీద వేశాడు. వచ్చినంత తొందరగా టైరు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ కోటు బరువుకి రుక్సాంద్ర ఒకసారి తూలింది. మా ఇంటిదాకా దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే నడిచింది.

మా ఇంట్లో ముందు గది ఎవరూ వాడరు. బిషప్పు గారు వస్తే పడుకోవడానికని పరుపు, చేత్తో నేసిన తెల్లటి దుప్పట్లు సిద్ధంగా ఉంచుతాను. నెలకోసారి ఎండలో వేస్తాను. ఆయన వచ్చింది ఒక్కసారే. ఆ మంచం మీద రుక్సాంద్రని పడుకోబెట్టాను. "దుప్పటి పాడవుతుంది అమ్మగారూ" అంటే, "ఉతికేది నేనేగా" అన్నాను. మధ్యాహ్నం మిగిలిన సర్మాలె వెచ్చబెట్టి ఇచ్చాను. రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని, "బాగున్నాయి అమ్మగారూ" అంది. ఊరికే, ఎవరైనా అనే మాటే. నేను వెంటనే ఆ గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చి, తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచాను.

తిరిగి వెళ్ళేసరికి పైకప్పు కేసి చూస్తోంది.

"అమ్మగారూ, నేను చంపానా?"

"లేదు."

"బస్తా ఎత్తేటప్పుడు కలుక్కుమంది. ఆపలేదు నేను. అత్తయ్య చూస్తోందని ఇంకోటి ఎత్తాను."

"నువ్వు చంపలేదు రుక్సాంద్రా."

"మీరు జాలితో అంటారు. అయ్యగారు అంటే నమ్ముతాను."

ఈ ఊళ్ళో సగం మంది పిల్లలు సిలువ గుర్తు వేసుకోవడం నేర్చుకుంది నా ఒళ్ళో కూర్చుని. చావుకి దగ్గరైన ముసలాళ్ళు, అయ్యగారు ఎక్కడో పెళ్ళి జరిపిస్తుంటే, నా చేయి పట్టుకునే ప్రార్థన చెప్పారు. దేవుడి గురించి ఈ ఊరికి తెలిసిన మెత్తటి మాటల్లో చాలా వాటిని వంటింటి గుమ్మంలో నిలబడి నేనే చెప్పాను. అవేవీ లెక్కలోకి రావు. ఆ పిల్లకి కావాల్సింది మెడలో జరీ పట్టీ వేసుకునే మనిషి మాట. తప్పు ఆ పిల్లది కాదు. ఎనభై ఒకటిలో నాకూ అదే కావాల్సి వచ్చింది.

తెయోఫిల్ వచ్చేసరికి పరస్కీవ దారిలోనే ఆపి అన్నీ చెప్పేసినట్టుంది. చంకలో ప్రార్థనల పుస్తకం ఉంది. వంటింట్లో గొంతు తగ్గించి, "రేపు వాకిట్లో వద్దులే, అందరూ చూస్తారు, చిన్నపిల్ల. ఇక్కడే ఇప్పుడే చదివేస్తాను. రెండు నిమిషాల పని" అన్నారు. ఆయన లెక్కలో అది దయే. నిజంగానే దయ.

"ఈ ఇంట్లో అది చదవరు" అన్నాను.

"అగ్లాయా, అది నేను రాసింది కాదు."

"ఆడది రాసింది కూడా కాదు."

"పరిశుద్ధులైన పెద్దలు రాశారు."

"వాళ్ళలో ఎవరికైనా కడుపు పోయిందా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పుస్తకం అట్ట మీద వేలితో గీతలు గీస్తూ, "నీకు చదివిన రోజు గంట గోపురం వెనక్కి వెళ్ళి ఏడ్చాను" అన్నారు.

ఆ మాట నాకు తెలియదు. తెలిసుంటే ఎలా ఉండేదో ఊహించడానికి కూడా భయమేసింది. కలిసి ఏడ్చుకోవాల్సిన ఇద్దరం, ఒకరు గోపురం వెనక, ఒకరు కళ్ళు తుడుచుకుని వంటింట్లో.

"ఏడ్చిన సంగతి ఇన్నేళ్ళకి చెప్తున్నారు" అన్నాను. "ప్రార్థన మాత్రం ఆ రోజే చదివారు."

ఆయన పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నారు.

"ఆ పిల్ల తను చంపిందా అని అడుగుతోంది. నేను లేదంటే సరిపోదట, మీరనాలట. పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళి ఒక్క మాట చెప్పి రండి."

"అలాంటి ప్రార్థన పుస్తకంలో లేదు."

"ప్రార్థన కాదు, మాట."

"నేనన్నానంటే చర్చి అన్నట్టే కదా. పరస్కీవ బిషప్పు గారిదాకా వెళ్తుంది. ఏమని చెప్పను ఆయనకి?"

"చర్చి అన్నట్టే. అందుకే ఆ పిల్లకి మీ నోటివెంట కావాలి."

లేచారు. పుస్తకం బల్ల మీదే వదిలి ముందు గది దాకా నడిచారు. ఓరగా ఉన్న తలుపు ముందు నిలబడ్డారు, గొంతు సవరించుకున్నారు కూడా. లోపల మంచం కిర్రుమంది. అంతే, వెనక్కి తిరిగారు. నా ముఖం చూడకుండా, "నావల్ల కాదు అగ్లాయా" అని, నడవా అవతల తన గదిలోకి వెళ్ళిపోయారు. పూజకి ముందు రోజు అయ్యగార్లు వేరుగా పడుకోవడం ఆచారం. ఆ రోజు ఆ ఆచారం ఆయనకి బాగా పనికొచ్చింది.

నేను ముందు గదిలోకి వెళ్ళాను. రుక్సాంద్ర మోచేతి మీద లేచి ఉంది.

"అయ్యగారు వచ్చారా?"

"వచ్చారు."

"అడిగారా?"

"అడిగాను."

"ఏమన్నారు?"

నేను అబద్ధమాడే మనిషిని కాను. పొరుగింటి కోడి మా దొడ్లో పెట్టిన గుడ్డు కూడా తీసుకెళ్ళి ఇచ్చే రకం. మంచం పక్కన కూర్చున్నాను. నడవా అవతలికి కూడా వినపడేలా, పదం పదం విడదీసి చెప్పాను.

"నువ్వు చంపలేదన్నారు."

"అయ్యగారేనా? నిజంగా?"

"అయ్యగారే. తల్లి బిడ్డని పోగొట్టుకుంది, చంపలేదు, ఇదే మాట దేవుడి ముందైనా బిషప్పు ముందైనా చెప్తానన్నారు."

ఆ పిల్ల ముఖం నా ఒళ్ళో పడేసి, అప్పుడు ఏడ్చింది. జంతువు ఏడ్చినట్టు, సిగ్గు లేకుండా. నేను ఆ తల మీద చేయి వేసి ఉంచాను. ఊరు చూస్తుందని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

తలెత్తితే నడవా చివర ఆయన కనిపించారు. తన గది గుమ్మంలో, మేజోళ్ళతో, ఒక చేయి తలుపు మీద పెట్టి. అంతా విన్నారు. నేను ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను, కాదనమని, నా పేరు పెట్టి కేకెయ్యమని. ఆయన వెనక్కి జరిగి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నారు.