జిగురుతో అంటించిన గొట్టం

నేను ఒక పెద్ద కారుని. కారు అనగానే మీ సందు చివర ఇంత జాగాలో ఇమిడిపోయే వాటిలో ఒకటి అనుకునేరు. ఏడుగురు కాళ్ళు చాపుకుని కూర్చోగల బండిని. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండిని. ప్రస్తుతం రాజమండ్రి శివార్లలో, మన్యం వెళ్ళే రోడ్డు పక్కన, ఒక పాత ఇనుప సామాన్ల దొడ్లో చక్రాలు లేకుండా సిమెంటు దిమ్మల మీద కూర్చుని ఉన్నాను. నా పక్కన ముందు చక్రం లేని ఆటో ఒకటుంది. దానితో నేను మాట్లాడను. ఇంకా అంతకు దిగజారలేదు.

నన్ను ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో చేశారు. వందల చేతులు పడితే గాని తయారు కాలేదు. ఆ చేతుల వాళ్ళలో ఒక్కరైనా నాలాంటి బండి ఎక్కి ఎక్కడికైనా వెళ్ళి ఉంటారని అనుకోను. సాయంత్రం సైరన్ మోగగానే అందరూ బస్సుల కోసం పరుగెత్తేవాళ్ళు. మనుషుల తెలివి మీద నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

మొదట నన్ను కొన్నది భీమవరం వైపు ఒక రొయ్యల రైతు. గేరు కర్ర పక్కన నాకు ఇంకో చిన్న లీవరు ఉంటుంది. దాన్ని లాగితే ముందు చక్రాలకు కూడా బలం అందుతుంది. బురదలోంచీ బండల మీంచీ ఎక్కిపోగలను. ఆ మహానుభావుడు ఆరేళ్ళలో దాన్ని ఒక్కసారీ లాగలేదు. చేతిసంచి తగిలించుకోవడానికి వాడుకునేవాడు.

తర్వాత మన్యంలో ఒక ఆసుపత్రికి అద్దె బండిగా వెళ్ళాను. నా బతుకులో చెప్పుకోదగ్గ కాలం ఏదైనా ఉంటే అదే. డ్రైవరు పేరు కత్తుల సోమిరెడ్డి. పొట్టివాడు. సీటు మీద దిండు వేసుకుంటే గాని అతనికి ముందు దారి కనబడేది కాదు. పురిటి నొప్పులు పడే ఆడవాళ్ళని కొండ ఊళ్ళ నుంచి దింపుకొచ్చేవాళ్ళం. దారిలో నేరేడు వాగు అని ఒకటుంది. సోమిరెడ్డి వాగు ముందు నన్ను ఆపి, లుంగీ ఎగగట్టి, కర్ర పట్టుకుని ముందు తనే నీళ్ళలోకి దిగేవాడు. ఆ ఒడ్డు దాకా నడిచి, లోతెంతో, బండలెక్కడున్నాయో చూసుకుని తిరిగి వచ్చేవాడు. బానెట్ ఎత్తి, ఫ్యాను నీళ్ళని ఇంజను మీదికి చిమ్మకుండా దాని బెల్టు విప్పేవాడు. నా మూతికి టార్పాలిన్ గుడ్డ కట్టేవాడు. అప్పుడు చిన్న లీవరు లాగి, మొదటి గేరులో, నిండు బిందె మోసుకుపోతున్నంత నిదానంగా దాటించేవాడు. అప్పట్లో నా ఒంటి మీద అదనంగా ఒక్క మేకు కూడా లేదు. అయినా నాలుగేళ్ళలో ఒక్కసారీ నీళ్ళలో ఆగలేదు.

మూడో యజమాని పేరూరి గిరిధర్. రాజమండ్రిలో బాత్రూం టైల్స్ దుకాణం. ఆయన నన్ను ఎందుకు కొన్నాడో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కొన్న మర్నాటికే ఆయన మర్చిపోయాడు. ఆయన భార్య హైమవతి పెళ్ళికి ముందు నేరేడు వాగు అవతల పనసలొద్ది అనే ఊళ్ళో, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో రెండేళ్ళు పాఠాలు చెప్పింది. అక్కడ మలేరియా వచ్చి తెలివి తప్పి పడిపోతే, వంటమనిషి సింగారమ్మ ఆమెని డోలీలో వేయించి, ఒక కొస తనే భుజాన మోస్తూ, వాగు దాటించి రోడ్డుకి చేర్చింది. అలా హైమవతి బతికింది. సింగారమ్మని ఒక్కసారి చూసి రావాలని పెళ్ళైన దగ్గర్నించీ, పన్నెండేళ్ళుగా, మొగుణ్ణి అడుగుతోంది. అది మన్యం దారి, మామూలు కార్లు వెళ్ళవు అని ఆయన పన్నెండేళ్ళుగా చెబుతున్నాడు. చివరికి నన్ను కొన్నాడు. ఇంటి ముందు దింపిన రోజున హైమవతి నా తలుపు మీద చెయ్యి వేసి, "అయితే ఈ ఆదివారం వెళ్దామాండీ?" అంది.

"ఇలాగేనా? ముందు దీన్ని అడివికి తగ్గట్టు రెడీ చెయ్యాలి హైమా" అన్నాడు గిరిధర్.

నాలుగేళ్ళు అడివిలో తిరిగి వచ్చినదాన్ని నేను. నన్ను ఈ టైల్స్ కొట్టాయన అడివికి రెడీ చేస్తాడట.

ఆయన గురువులందరూ ఫోనులో ఉంటారు. తక్కువ ఖర్చుతో పాత బండిని ఎలా పులిని చెయ్యాలో చెప్పే వీడియోలు అన్నం తింటూ చూస్తాడు, దుకాణంలో బేరం మధ్యలో చూస్తాడు. మెకానిక్ సూరిబాబు మేస్త్రి నన్ను మొదటిసారి చూసినప్పుడు కిందికంటా దూరి, నూనె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "బ్రేకులు ముందు చూసుకోవాలండి. రేడియేటర్ గొట్టం చీకిపోయిందండి. ముందు చక్రాల లాకులు తుప్పట్టి బిగిసిపోయినియ్యండి, లీవరు లాగినా పట్టవండి" అన్నాడు.

"అవి ఎవరికి కనపడతాయి మేస్త్రీ? తర్వాత చూద్దాంలే" అన్నాడు గిరిధర్.

కనపడే పనులు మాత్రం వరసగా సాగాయి. దుకాణంలో టైల్స్ నిలబెట్టే ఇనుప స్టాండు ఒకటి విరిగితే దాన్ని అతికించి నా నెత్తిన సామాన్ల క్యారియర్ అన్నాడు. బోరు పైపులు వంచి వెల్డింగ్ చేయించి నా మూతికి అడ్డంగా బిగించాడు. స్ప్రింగుల కింద లేత్ షాపులో చేయించిన ఇనుప ముక్కలు పెట్టి నన్ను రెండంగుళాలు పైకి లేపాడు. ఆ రోజు నుంచి ప్రతి మలుపులోనూ తాగినవాడిలా ఊగేదాన్ని. అడివిలో వేసుకునే గుడారం కావాలి కదా, దుకాణం పాత ఫ్లెక్సీ బ్యానర్లు కుట్టించాడు. దాని మీద 'పేరూరి టైల్స్: జారదు, అరగదు' అని ఇంత అక్షరాలు. హైమవతి ఆ గుడారాన్ని అక్షరాలు లోపలికి పోయేలా మడిచి పెట్టింది.

ఇక ముహూర్తాలు. మనుషులు దేవుడికి మొక్కితే నాకేం అభ్యంతరం లేదు. కానీ టైర్లకో ముహూర్తం, క్యారియర్‌కో ముహూర్తం, వెనక్కి తగిలించిన ఇనుప నిచ్చెనకో ముహూర్తం. ఏది బిగించినా మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకుమ, మళ్ళీ నా ముందు గుమ్మడికాయ పగలగొట్టడం. రెండేళ్ళలో నా చక్రాల కింద నలిగిన నిమ్మకాయలతో ఒక పెళ్ళికి పులిహోర కలపవచ్చు. మధ్యలో ఆషాఢం వస్తే పని ఆగేది, మూఢం వస్తే ఆగేది. పనసలొద్ది మాట ఎత్తితే, "ఇంకొక్కటి బిగించగానే వెళ్ళిపోదాం" అనేవాడు. హైమవతిని కూడా నేను క్షమించను. ఆయన సరదా చెడగొట్టడం ఎందుకని ఊరుకునేది.

రెండో ఏడు వానలు మొదలైన కొత్తల్లో, సూరిబాబు షెడ్డు ముందు నా వెనక సీట్లో హైమవతి కూర్చుని ఉండగా ఆమెకు పనసలొద్ది నుంచి ఫోను వచ్చింది. పాఠశాలలో నర్సమ్మ. "సింగారమ్మ మంచం పట్టిందండి టీచర్‌గారూ. ముద్ద దిగట్లేదండి. మిమ్మల్నే కలవరిస్తందండి. ఈ వానలు దాటడం కష్టమేనండి" అంది.

హైమవతి దిగి నేరుగా మొగుడి దగ్గరికి వెళ్ళింది. "ఈ వారమే వెళ్దామండి. మీరు ఇంకేం బిగించకండి."

"ఒక్క స్నార్కెల్ వచ్చేస్తే బయల్దేరడమే హైమా. దారిలో వాగుంది కదా" అన్నాడాయన.

స్నార్కెల్ అంటే బండి పక్కనుంచి పైకప్పు దాకా లేచే నల్లటి గొట్టం. ఇంజను గాలి పీల్చేది మామూలుగా హెడ్‌లైట్ వెనక నుంచి. ఆ చోటు నీళ్ళలో మునిగితే గాలికి బదులు నీళ్ళు పీల్చి చస్తుంది. అందుకని గాలి పైనుంచి తీసుకునేలా ఈ గొట్టాన్ని లోపలికి కలుపుతారు. అది రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. పద్దెనిమిది రోజులూ హైమవతి పొద్దున్నే నర్సమ్మకి ఫోను చేసి, ఇంకా ఉందా అని అడిగి, అప్పుడు పొయ్యి వెలిగించుకునేది.

గొట్టం వచ్చింది. సూరిబాబు నా మడ్‌గార్డు మీద సుద్దతో గుండ్రంగా గీసి డ్రిల్లు అందుకున్నాడు. అప్పుడు గిరిధర్ పంతులుగారికి ఫోను చేశాడు. మూఢమట. మూఢంలో వాహనం ఇనుముకి చిల్లు పెట్టకూడదట.

"పైగా చిల్లు పెడితే రేపు అమ్మినప్పుడు రేటు రాదు" అన్నాడు గిరిధర్ ఫోను జేబులో పెట్టుకుంటూ. "అంటించెయ్ మేస్త్రీ. అంటించడానికి మూఢం అడ్డు రాదన్నారు."

"అంటిస్తే ఇది ఉత్తి అలంకారమండి. గాలి ఇందులోంచి ఎల్లదండి" అన్నాడు సూరిబాబు.

"మూఢం వెళ్ళాక చిల్లు పెడుదువుగాని. ఇప్పటికి అంటించు."

సూరిబాబు అంటించాడు. అంటించి, హైమవతి వైపు తిరిగి, "నీళ్ళలో మాత్రం దింపనియ్యకండమ్మా" అని చెప్పాడు.

ఆ వారంలో దుకాణానికి వచ్చిన ప్రతివాడినీ గిరిధర్ బయటికి తీసుకొచ్చి నా గొట్టం చూపించాడు. ఛాతీ లోతు నీళ్ళలో కూడా పోతుందని చెప్పాడు. సోమవారం అబద్ధమని తెలిసే చెప్పాడు. బుధవారానికి పెద్దగా తడబడకుండా చెప్పాడు. శనివారానికి తనే నమ్మేశాడు. నేనూ తక్కువ తినలేదు. ఎదురు దుకాణం అద్దాల్లో ఆ గొట్టంతో నన్ను నేను చూసుకుని మురిసిపోయిన మాట వాస్తవం. సిగ్గు లేకపోతే సరి.

ఆదివారం వర్జ్యం దాటాక పదకొండింటికి బయల్దేరాం. గిరిధర్, హైమవతి, పదేళ్ళ కూతురు మేఖల. ఫొటోల కోసం నాలుగుచోట్ల ఆగి, నేరేడు వాగు చేరేసరికి మూడయింది. నాకు ఆ వాగు చూడగానే పాత మనిషి కనబడ్డట్టయింది. నీళ్ళు మోకాలి పైకి జానెడు ఉన్నాయి, అంతే. నెత్తిన అడ్డాకుల మోపు పెట్టుకుని ఒక ముసలాయన అవతలి నుంచి చుట్ట కాల్చుకుంటూ దాటి వచ్చాడు. నన్ను నెత్తి నుంచి చక్రాల దాకా చూశాడు.

"బండి ఇక్కడెట్టేసి నడిసెల్లిపొండి బాబూ. పనసలొద్ది రెండు మైళ్ళే" అన్నాడు.

"నడిచి వెళ్ళడానికా ఇంత బండి?" అన్నాడు గిరిధర్ నవ్వుతూ.

"మేస్త్రి దింపొద్దన్నాడు కదండీ" అంది హైమవతి. "నడిచే వెళ్దాం."

"స్నార్కెల్ ఉందిగా హైమా."

జిగురుతో అంటించిన సంగతి ఆయనకి నిజంగానే గుర్తులేదు. దిగి లోతు చూడలేదు. బెల్టు విప్పలేదు, గుడ్డ కట్టలేదు. ఫోనుని డాష్‌బోర్డు మీద స్టాండుకి తగిలించి, వీడియోలో నీళ్ళు రెక్కల్లా లేవాలని రెండో గేరులో ఒక్కసారిగా ఉరికించాడు. నీళ్ళు లేచాయి. బానెట్ మీదుగా అద్దం దాకా లేచాయి. ఫ్యాను మిగతాది ఇంజను మీదికి చిమ్మింది. హెడ్‌లైట్ వెనక నేను గాలి కోసం నోరు తెరిచాను, నీళ్ళు వచ్చాయి. లోపల ఒక కడ్డీ వంగిన చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను. వాగు మధ్యలో ఆగిపోయాను.

గిరిధర్ తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. చిన్న లీవరు లాగాడు, అది సంచులు మోసే రోజుల్లో కంటే కూడా పనికిరానిదై ఉంది. తలుపు సందుల్లోంచి నీళ్ళు వచ్చి చెప్పులు తడిశాయి. ఆయన తాళం తిప్పుతూనే ఉన్నాడు.

హైమవతి కాసేపు ఎదురుగా అవతలి ఒడ్డు చూసింది. తర్వాత సంచి భుజాన వేసుకుంది. "మేఖలా, చెప్పులు చేత్తో పట్టుకో" అంది.

"ఎక్కడికి?" అన్నాడు గిరిధర్.

"పనసలొద్దికి."

"మరి బండి?"

"మీ బండి మీరు చూసుకోండి."

తలుపు తోసి దిగింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, అడుగు తడుముకుంటూ నడిచింది. పద్నాలుగేళ్ళుగా దాటలేకపోయిన వాగు. నిండా మూడు నిమిషాలు పట్టలేదు.

ఆ రాత్రి గిరిధర్ ఒడ్డున 'జారదు, అరగదు' కింద పడుకున్నాడు. మర్నాడు పొద్దున హైమవతి, మేఖల తిరిగి వచ్చారు. మేఖల నిప్పుల్లో కాల్చిన పనస గింజలు నములుతోంది. హైమవతి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఉందా?" అని అడిగాడు గిరిధర్.

"ఉంది. చూపు లేదు. చెయ్యి తడిమి గుర్తుపట్టింది. దారి మర్చిపోయావా తల్లీ అంది."

"నువ్వేమన్నావు?"

"బండి కోసం ఆగిపోయానన్నాను." ఆమె నా వైపు చూసింది. "నిన్ను మోసినప్పుడేం బండుందమ్మా, అంది."

గిరిధర్ తల దించుకున్నాడు. ఆయన సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే, అదీ ట్రాక్టరు వచ్చేదాకానే. ట్రాక్టరు నన్ను లాగుతుంటే పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నాడు. సింగారమ్మ ఆ తర్వాత పదకొండో రోజున పోయింది. కబురు రాగానే హైమవతి మొదటి బస్సు ఎక్కి వెళ్ళింది. ఏ ముహూర్తమూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. తర్వాత కూడా నెలకోసారి ఆ పాఠశాలకి వెళ్ళి ఆడపిల్లలకి లెక్కలు చెప్పి వస్తోంది.

ఇంజను బాగుచేయడం దండగని సూరిబాబు తేల్చేశాడు. గిరిధర్ నన్ను ఈ దొడ్డికి తోలించాడు. చక్రాలు ఒకరు పట్టుకుపోయారు, సీట్లు ఒకరు. గొట్టం మాత్రం ఊడలేదు, జిగురు అంత గట్టిది. మొన్న చలవ కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. బయట కొత్తగా కొన్న పాత బండి ఉంది. నా ఇంజను అడగలేదు, గేర్లు అడగలేదు. గొట్టాన్ని నిమిరి, "ఇది పెడితే వాగుల్లో దిగొచ్చా?" అన్నాడు.

"ఎందుకు దిగకూడదండీ, ఇది దిగిన బండేనండి" అన్నాడు దొడ్డి యజమాని. వేణ్ణీళ్ళు పోసి, కత్తితో గీకి, జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చాడు.

వాళ్ళు గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళుతుంటే దొడ్డి ముందు బస్సు ఆగింది. కిటికీ పక్కన హైమవతి, మేఖల. హైమవతి నా వైపు చూడలేదు. నేనూ ఏమీ అనుకోలేదు. ఈ పద్నాలుగేళ్ళూ ఆ బస్సు రోజుకి రెండుసార్లు ఇటే పోయేదట, ఆటో చెప్పింది. నేరేడు వాగు దాకా వెళుతుంది. అక్కడ దిగి నడవాలి.