చెరిగిపోయిన ఒకటి

గున్‌సాన్ ఊరి చేపల బజారు వెనక సందులో మిసుక్‌కి చిన్న పార్లరు ఉంది. జుట్టుకి ఉంగరాలు తిప్పించుకునే ఆడవాళ్లతో పాటు ఊరి కబుర్లన్నీ అక్కడికే చేరతాయి. ఆ వారమంతా ఒకటే కబురు. మిసుక్ కూతురు సెబొమ్‌ని ఫోను పిచ్చి మాన్పించడానికి కొండమీద శిబిరానికి పంపుతున్నారట.

"మనిషిని నమిలి మింగేసింది కదే ఆ ఫోను! మొన్న ఎదురుపడి కూడా పలకరించకుండా పోయింది నీ కూతురు, నేనేదో కరెంటు స్తంభాన్నైనట్టు," అంది చేపల కొట్టు చొమ్‌రే పిన్ని, తలనిండా రోలర్లతో.

"అవును పిన్నీ, అంతా ఆ ఫోనే చేసింది," అంది మిసుక్. ఆ మాట అనేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇంకో పాయ చుట్టింది.

ఫోను ఏం చేసిందో ఆవిడకి తెలుసు. తనేం చేసిందో ఇంకా బాగా తెలుసు.

వసంతకాలం పరీక్షల ముందు అందరు తల్లులూ చేసే పనే మిసుక్ కూడా చేసింది. కూతురి స్మార్ట్‌ఫోను లాక్కుని, మాట్లాడుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాని మడత ఫోను చేతిలో పెట్టింది. లాక్కున్నది పార్లరు సొరుగులో పడేసింది. అది ఊరుకుంటేనా! దువ్వెనల మధ్య గుర్రుగుర్రుమంటూనే ఉంది. చూడకపోతే కొంప మునిగేదేం కాదు. అయినా చూసింది. సెబొమ్ పుట్టినరోజే దాని తాళమని కన్నతల్లికి ఆ మాత్రం తెలీదా!

రాసేది యూల్. ఇప్పుడు వేరే బడి అయినా చిన్నప్పటి నుంచీ సెబొమ్‌కి ప్రాణ స్నేహితురాలు. 'అమ్మానాన్నా విడిపోతున్నారే.' 'నాకు బడికెళ్లాలని లేదు.' 'ఉన్నావా?' 'ఒక్క మాట రాయవే.'

పంపిన ప్రతి మాట పక్కనా, పంపినవాళ్ల ఫోనులో, చిన్న పసుపుపచ్చని ఒకటి అంకె కనిపిస్తుంది. అవతలివాళ్లు చదివితే అది మాయమవుతుంది. చదివి కూడా జవాబివ్వకపోతే మొహం మీద తలుపేసినట్టేనని ఈ పిల్లల లెక్క. మిసుక్‌కి ఆ సంగతి తెలియక కాదు. ముందు పరీక్షలు గట్టెక్కనీ, స్నేహాలెక్కడికి పోతాయిలే అనుకుంది. వచ్చినవన్నీ చదివింది. అటు యూల్ ఫోనులో ఒకట్లన్నీ చెరిగిపోయాయి. పరీక్షలయ్యాక కూతురు చూస్తే ఏమంటుందోనని భయం వేసి, ఆ మాటలన్నీ తీసేసి మరీ ఫోను తిరిగిచ్చింది.

ఆ తర్వాత సెబొమ్ ఏం రాసినా యూల్ చదివేది. ఒకటి చెరిగిపోయేది. జవాబు మాత్రం వచ్చేది కాదు. పిల్ల ఇక ఆ ఫోను వదల్లేదు. అన్నం దగ్గరా అదే, స్నానాల గదిలోనూ అదే. మనిషి సగమైపోయింది. బడివాళ్లు ఏవో ప్రశ్నలడిగి, పరిస్థితి బాగాలేదు, శిబిరానికి పంపమన్నారు. "అందులో దేనికోసం వెతుకుతోందమ్మా మీ అమ్మాయి?" అని అక్కడి కౌన్సెలర్ మెత్తగా అడిగింది. "ఆటలేమోనండీ," అంది మిసుక్.

బయల్దేరే పొద్దున శిబిరం బస్సు దగ్గర అందరూ ఫోన్లు సంచిలో వేస్తున్నారు. సెబొమ్ మాత్రం గుప్పిట విప్పలేదు.

"ఇచ్చెయ్యవే తల్లీ, అందరూ ఇస్తున్నారుగా."

"ఇవ్వను. ఈలోపు యూల్ రాస్తే?"

"రాస్తే వచ్చాక చూసుకోవచ్చు."

"అప్పటికి మళ్లీ అలిగిపోతుందమ్మా! నేను దానికేం చేశానో నాకే తెలీట్లేదు. ఏదో చేసే ఉంటాను. రోజూ పాతవన్నీ తిరగేస్తున్నా, ఎక్కడ నొప్పించానా అని. నాలోనే ఏదో దరిద్రం ఉంది."

ఇంకా దాస్తే ఈ పిల్లని తన చేతులతో తనే చంపుకున్నట్టే అనిపించింది మిసుక్‌కి.

"నువ్వేం చెయ్యలేదే. చేసింది నేను," అంది. సొరుగు దగ్గర మొదలుపెట్టి, మాటలన్నీ తీసెయ్యడం దాకా చెప్పింది.

సెబొమ్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"అన్నీ చదివావా?"

"చదివాను."

"తర్వాత నేను ఏడుస్తుంటే కూడా చూశావు కదమ్మా. చూస్తూ, ఫోను పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పావు."

సెబొమ్ ఫోను తెరిచి ఆవిడ చేతిలో పెట్టింది. "నువ్వే రాయి. నీ పేరు చెప్పి రాయి."

మిసుక్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. 'యూల్, నేను సెబొమ్ అమ్మని. వసంతంలో నువ్వు రాసినవన్నీ నేను చదివాను. సెబొమ్ ఒక్కటీ చూడలేదు. తప్పు నాది, తనది కాదు.' పంపింది. పక్కన ఒకటి వచ్చి కూర్చుంది. బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. అది కదల్లేదు.

"ఇది నీ దగ్గరే ఉంచు. శిబిరానికి అమ్మానాన్నల్ని రమ్మనే రోజున తీసుకురా," అంది సెబొమ్. "జవాబొస్తే తెరవకు. ఈసారి నేనే చదవాలి."

"ఒట్టే, తెరవను."

"ఒట్లేం వద్దు. తెరవకు, అంతే."

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు.

ఆ రోజు నుంచీ ఫోను మిసుక్ ఏప్రన్ జేబులోనే ఉంది. ఉందో లేదోనని మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది. చొమ్‌రే పిన్నికి రంగు వేస్తుండగా అది గుర్రుమంది.

"చూడవే, ఎవరో ఏమో!"

"ఇది సెబొమ్‌ది పిన్నీ."

"అయితేనేం? కన్నతల్లివి. చూస్తే తప్పా?"

"తప్పే," అంది మిసుక్. "ఒకసారి చూశాను. నా కూతుర్ని పాడుచేసింది ఫోను కాదు పిన్నీ, నేను."

చొమ్‌రే పిన్ని అద్దంలోంచి నోరు తెరుచుకుని చూసింది. ఫోను మళ్లీ గుర్రుమంది. ఆ వెంటనే ఇంకోసారి. మిసుక్ రంగు చేతులు రెండూ పిన్ని జుట్టులోనే ఉంచింది.