కోచ్ మీద ఫిర్యాదు

అమెరికాలోని చాండ్లర్ ఊళ్లో, తెలుగు చర్చి సంఘంలో ఆమోసుకి ఉన్నన్ని పిలుపులు ఇంకెవరికీ లేవు. పిల్లలకి కోచ్ అంకుల్, పెద్దలకి కోచ్ బ్రదర్, పాస్టర్ గారికైతే ఏకంగా ‘మన డైరెక్టర్ గారు’. నరసాపురంలో ఉన్న మేనత్త ఆ మాట విని సినిమాలు తీస్తున్నాడనుకుని చాలా రోజులు సంబరపడింది. ఆవిడకి అసలు సంగతి చెప్పే ఓపిక ఆమోసుకి లేకపోయింది. నిజం చెప్పొద్దూ, సరదా కూడా లేకపోయింది.

ఆ పేర్లన్నీ అతనికి అవసరమే. భార్య విమలకుమారి చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆవిడ వెనకాల వచ్చి, వంట చేసి, పిల్లల్ని స్కూలుకి దింపి, ఆరాధన తరవాత మగవాళ్లంతా ప్రాజెక్టులూ ప్రమోషన్లూ మాట్లాడుకుంటుంటే ప్లేట్లు సర్దుతూ గడిపిన ఏళ్లు అతని గుండెలో ముల్లులా ఉండిపోయాయి. చేతనైంది ఒక్క వాలీబాలే. చర్చి వెనకాల పార్కింగ్‌లో తాడు కట్టి కుర్రకారుని ఆడిస్తుంటే, ఊరి చివర కొత్తగా పెట్టిన చిన్న క్రిస్టియన్ కాలేజీ డీన్ చూశాడు. ఆ కాలేజీకి ఆడపిల్లల టీము లేదు, కోర్టు లేదు, కోచ్ అసలే లేడు. ఆమోసు మొదటి కోచ్ అయ్యాడు. లీగులో చేరాలంటే కోచ్‌ల పైన అథ్లెటిక్ డైరెక్టర్, పొట్టిగా ఏడీ, అనేవాడు ఒకడుండాలన్నారు. ఇంకొకర్ని పెట్టుకునే స్తోమత కాలేజీకి లేదు కాబట్టి అతనే ఆ డైరెక్టర్ కూడా అయ్యాడు.

పేరు పెద్దదే గానీ పని చూస్తే నవ్వొస్తుంది. నెట్టు కట్టేదీ డైరెక్టరే, నేల మీద గీతలకి టేపు అంటించేదీ డైరెక్టరే, అవతలి ఊళ్లకి వ్యాన్ తోలేదీ, వచ్చాక చెమట కంపు కొట్టే జెర్సీలు ఇంటికి పట్టుకెళ్లి ఉతికేదీ డైరెక్టరే. అయినా అతను గాల్లో తేలుతూ చేశాడు. టీము గెలవడం మొదలుపెట్టింది. సంఘమంతా సమోసాలు కట్టుకుని మ్యాచ్‌లకి రావడం మొదలుపెట్టింది. ఎందుకంటే టీములో సెట్టర్, అంటే కొట్టేవాళ్ల చేతికి అందేలా బంతిని పైకి లేపే పిల్ల, వాళ్ల జెనిఫర్. సంఘ పెద్ద ఇమ్మాన్యుయేల్ గారి కూతురు.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా జెనిఫర్ వెళ్లలేదు. నెట్టు చుడతానని నిలబడింది. చర్చిలో అంకుల్ అని పిలిచే పిల్ల, కాలేజీలో మాత్రం కోచ్ అనే అంటుంది.

“కోచ్, నాకు యాంగ్జైటీ ఉంది. డాక్టర్ మెడిసిన్ ఇచ్చారు. మ్యాచ్ ముందు హ్యాండ్స్ షేక్ అవుతాయి. డాడీకి తెలీదు. ప్లీజ్, ఎవరికీ చెప్పద్దు.”

“నా నోట్లోంచి బయటికి రాదమ్మా,” అన్నాడు ఆమోసు. ఆ క్షణాన నిజంగానే అన్నాడు.

అంతటితో వదిలెయ్యలేదు కూడా. సర్వీసు ముందు బంతిని ఒక్క క్షణం పొట్టకి ఆనించుకుని ఊపిరి వదలడం నేర్పాడు. ఎవరైనా అడిగితే అది కోచ్ వాళ్ల ఊరి పద్ధతని చెప్పమన్నాడు. ఆ పిల్ల నవ్వింది, కుదురుకుంది, తరవాతి మ్యాచ్‌లో అద్భుతంగా ఆడింది. ఆ రాత్రి ఆమోసు తన కూతురే గెలిచినట్టు మురిసిపోయాడు. ఒక బిడ్డ తన తండ్రికి చెప్పుకోలేనిది తనకి చెప్పుకుంది. అంత పెద్దవాణ్నయ్యానా అనుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

శుక్రవారం ఇంటి ప్రార్థన సంఘంలోనే ఉన్న కాలేబ్ వాళ్లింట్లో పెట్టారు. పాటలయ్యాక వరసగా ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. చివర్లో ఒక పెద్ద లేచి, ఏ ఒక్కటీ మరిచిపోకుండా, అన్నిటినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పాలి. అది ఆ సంఘం ఆనవాయితీ. ఒకాయనకి వీసా స్టాంపింగ్. ఒకామెకి ఆఫీసులో లేఆఫ్‌ల భయం. ఇంకొకామెకి అత్తగారి మోకాలు. వంతు ఆమోసు దాకా వచ్చింది. ఎప్పుడూ చెప్పే ‘మా టీము కొరకు’ అన్న మాట ఆ పూట మరీ తేలిగ్గా అనిపించింది. అందరి మొహాలూ తన వైపు తిరిగి ఉన్నాయి. బరువైనది ఏదైనా చెప్పాలనిపించింది. ఆ పిల్ల మీద ప్రేమ లేక కాదు. ప్రేమా ఉంది, దాని పక్కనే కూర్చుని నలుగురిలో గొప్ప కోరే బుద్ధీ ఉంది.

“నా టీములో ఒక బిడ్డ ఉంది. పేరు చెప్పను,” అన్నాడు గొంతు తగ్గించి. “మనసుకి సంబంధించిన మందులు వాడుతోంది. అమ్మానాన్నలకి తెలీదు. బంతి లేపేటప్పుడు చేతులు వణుకుతాయి, పాపం. ఆ బిడ్డ కోసం ప్రార్థించండి.”

పేరు చెప్పలేదు కదా అని అతని ధీమా. పేరు ఎవరిక్కావాలి? బంతి లేపేది ఎవరో ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. సమోసాలు తింటూ చూసినవాళ్లే అంతా.

ఆ పూట ముగింపు ప్రార్థన ఇమ్మాన్యుయేల్ గారిది.

ఆయన లేచారు. అందరూ కళ్లు మూసుకున్నారు. వీసా సంగతి చెప్పారు, లేఆఫ్‌ల సంగతి చెప్పారు, అత్తగారి మోకాలు కూడా మరవలేదు. తరవాత గొంతు ఆగిపోయింది. అప్పుడు తట్టింది ఆమోసుకి, తను ఏం చేశాడో. కళ్లు తెరిచే ధైర్యం లేకపోయింది. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

“ఆ బిడ్డని జ్ఞాపకం చేసుకో ప్రభువా,” అన్నారు ఇమ్మాన్యుయేల్ గారు చాలాసేపటికి. “ఆ బిడ్డ చెప్పుకోలేకపోయిన... ఆ తల్లిదండ్రుల్ని కూడా.”

ఆమెన్ అని అందరూ అన్నారు. ఆమోసు కూడా అన్నాడు. అనకుండా ఉండాల్సిందని ఆ తరవాత ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇమ్మాన్యుయేల్ గారు భోజనానికి ఆగలేదు, ఇంట్లో పని ఉందని చెప్పి చెప్పులేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మొదలయ్యాయి సానుభూతులు. ఒక ఆంటీ జెనిఫర్ నుదుట రాయడానికి అభిషేక తైలం పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ఇంకొకావిడ ఉపవాస ప్రార్థన పెట్టుకుందామంది. మరొకావిడ మందులు మానేసి విశ్వాసంతో ఉండమని జెనిఫర్‌కే నేరుగా ఫోన్ చేసి చెప్పింది. వాళ్లందరిదీ మంచి మనసే, అదే గదా బాధ. విమలకుమారి ఇవన్నీ విని వచ్చి మొగుణ్ని ఒక్క ముక్క తిట్టలేదు. “ఆ పిల్ల స్థానంలో మన పిల్ల ఉంటే?” అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిడితేనే నయమనిపించింది అతనికి.

ఆ సాయంత్రమే ఇమ్మాన్యుయేల్ గారింటికి వెళ్లాడు. ఆయన గ్యారేజీలో అట్టపెట్టెలు సర్దుతున్నారు, సర్దిన పెట్టెనే మళ్లీ తీసి సర్దుతున్నారు. తప్పయిందండీ అన్నాడు ఆమోసు. ఆయన తలెత్తలేదు.

“నాకు చెప్పుంటే తిట్టేవాణ్ని, పిల్ల నమ్మి చెప్పింది నాకెందుకు మోసుకొచ్చావని. నువ్వు దేవుడికి చెప్పావు. ఇప్పుడు నేనేమనాలి, ఆమోసూ?”

ఆమోసు ఒక పెట్టె ఎత్తి అందించబోతే ఆయన అందుకోలేదు.

సోమవారం జెనిఫర్ ప్రాక్టీసుకి రాలేదు. మంగళవారం మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చింది. ఆఫీసంటే జిమ్ము మూలన బంతులు పెట్టుకునే గదే. తలుపు మీద ఒకే పేరు, దాని కింద రెండు హోదాలు. జెర్సీ వెనక్కిచ్చెయ్యడానికి వచ్చిందనుకున్నాడు ఆమోసు. చేతిలో ఏమీ లేదు. కుర్చీలో కూర్చోలేదు.

“జెనిఫర్, తల్లీ, నేను...”

“నేను ఏడీతో మాట్లాడాలి,” అంది. “కోచ్ మీద ప్రాబ్లమ్ ఉంటే ఏడీకి చెప్పమని మీరే కదా చెప్పారు, ఫస్ట్ డే. కోచ్ మీద కంప్లైంట్ ఉంది.”

ఏ కాలేజీలోనైనా ఆ ఇద్దరూ వేరువేరు మనుషులుంటారు. ఇక్కడ లేరు. లేచి బయటికి పోదామంటే వినేవాడు ఉండడు. కూర్చుంటే చేసినవాడూ తనే. ఆమోసు కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

“చెప్పమ్మా.”

“మా కోచ్‌కి ఒక విషయం చెప్పాను. ఎవరికీ చెప్పనన్నారు. ప్రేయర్ మీటింగ్‌లో చెప్పేశారు.” ఆ పిల్ల ఏడవడం లేదు. ఇంట్లో బాగా సాధన చేసి వచ్చినట్టుంది. “ఆంటీలు ఆయిల్ తెచ్చారు. డాడీ నన్ను తిట్టలే. రోజూ నా రూమ్ బయట నిలబడతారు. షాడో కనిపిస్తుంది డోర్ కింద. నాక్ చెయ్యరు. వెళ్లిపోతారు.”

కోచ్‌గా చెప్పుకోవడానికి ఆమోసు దగ్గర చాలా ఉంది. పేరు చెప్పలేదని, ప్రేమతోనే చేశానని, దేవుడి దగ్గర దాపరికమేమిటని. నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఆ గదిలో ఆ పిల్ల కోచ్‌ని అడగడం లేదు. డైరెక్టర్ స్థానంలో కూర్చుని వింటుంటే ఆ మాటల్లో ఒక్కటి కూడా నిలబడలేదు. వేరే ఎవరైనా కోచ్ ఇలా చేసి ఇవే మాటలు చెబితే తను ఛీ అనేవాడే.

“ఏం చెయ్యమంటావమ్మా?” అన్నాడు. మానేస్తాననే అంటుందని గుండె చిక్కబట్టుకున్నాడు.

“నాకు ఆడాలని ఉంది. కోచ్ కోర్ట్‌లో ఉంటారనుకుంటేనే హ్యాండ్స్ షేక్ అవుతున్నాయి. నేనెందుకు మానాలి?”

ఆ కోర్టు గీతలు అతను మోకాళ్ల మీద పాకుతూ అంటించినవి. ఆ పని తప్ప ప్రపంచంలో అతనికి పేరు తెచ్చినది ఇంకొకటి లేదు. అసిస్టెంట్‌గా ఉన్న నిధి, నిరుడు దాకా తన దగ్గరే ఆడిన పిల్ల, టీముని నడపగలదని అతనికి తెలుసు. తెలిసినందుకు ఏడుపొచ్చింది.

“కోచ్ మానేస్తాడమ్మా,” అన్నాడు. “రేపటినించి నిధి చూసుకుంటుంది. నువ్వు ప్రాక్టీసుకి రా.”

జెనిఫర్ థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. తలుపు దగ్గర ఆగి, “డీన్‌కి ఏం చెప్తారు?” అని అడిగింది. నీ పేరు చెప్పనులే అనబోయి నోరు నొక్కుకున్నాడు. ఆ మాట ఇంతకుముందు ఒకసారి వాడేశాడు.

డీన్ దగ్గర మాత్రం ఏమీ కప్పిపుచ్చలేదు. ఒక ప్లేయర్ నమ్మి చెప్పిన మాట బయటపెట్టాను, కోచ్‌గా ఉండే అర్హత పోయింది, ఎవరు, ఏమిటి అని అడక్కండి అన్నాడు. డీన్ ఒప్పుకుని, డైరెక్టర్ పదవి సంగతి ఏడాది చివర ఆలోచిద్దామన్నాడు. సరేనని వచ్చేశాడు. ఆ సాయంత్రం జిమ్ములో బంతుల చప్పుడు వినిపిస్తుంటే తలుపు మూసుకుని కూర్చున్నాడు, ఆ పిల్ల అతన్ని చూడకుండా ఉండడానికి.

ఆదివారం ఆరాధనకి వెళ్లడానికి మొహం చెల్లలేదు. విమలకుమారి కారు స్టార్ట్ చేసి కూర్చుంటే తప్పలేదు. కోచ్ పని వదిలేశాడన్న సంగతి అప్పటికే అందరికీ తెలిసింది, ఎందుకో మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. పాటలయ్యాక, దేవుడు తమ బతుకుల్లో చేసింది లేచి చెప్పుకునే సాక్ష్యాలకి పాస్టర్ గారు పిలిచారు. “మన డైరెక్టర్ గారు ఒక మాట చెబుతారు,” అని మైకు పంపించారు.

ఆమోసు లేచాడు. మాట సిద్ధంగానే ఉంది. నేనొక బిడ్డకి ద్రోహం చేశాను, అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. రాత్రంతా ఆ మాటే నమిలాడు. అది అనేస్తే గుండెల మీది బండ దిగిపోతుంది. జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. పాస్టర్ గారు వచ్చి కౌగిలించుకుంటారు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

మూడో వరసలో జెనిఫర్ ఉంది, తండ్రి పక్కన. అందరూ అతని మొహం చూస్తుంటే ఆ పిల్ల అతని నోరు చూస్తోంది. కుర్చీ అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయాయి. గెలుపోటములు తేలే పాయింటు దగ్గర కూడా ఆమె మొహంలో అంత భయం అతను ఎన్నడూ చూడలేదు. ఒప్పుకోలైనా సరే, సాక్ష్యమైనా సరే, తను నోరు తెరిస్తే బయటపడేది మళ్లీ ఆ పిల్ల బతుకే. తన బండ దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టబోయాడు, ఇంకోసారి.

“అందరికీ వందనాలండీ,” అన్నాడు. మైకు పక్కవాళ్లకిచ్చి కూర్చున్నాడు.

పాస్టర్ గారు కళ్లు తుడుచుకుని, అంత పెద్ద పదవి వదులుకుని కూడా తన గురించి ఒక్క ముక్క చెప్పుకోని మనిషిని చూడండి, తనని తాను తగ్గించుకోవడమంటే ఇదీ అన్నారు. ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. ఇమ్మాన్యుయేల్ గారు కూడా రెండు చప్పట్లు కొట్టి, అందరికంటే ముందే ఆపేశారు.

కాదండీ అని చెప్పడానికి దారి లేదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఆమోసు సిగ్గుతో తలదించుకున్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.